నాగరి లిపిలో తెలుగు చీటీలు

పోయిన ఏడాది జూలైలో మా తొమ్మిదో తరగతి గదిలో, కిటికీ పక్కన, ఒక అట్టపెట్టె పెట్టాను. చెప్పుల పెట్టె. మూతకు బ్లేడుతో సన్నగా చీలిక కోసి, ‘పేరు రాయవద్దు, ప్రశ్న మాత్రం రాయండి’ అని మరాఠీలో రాసిన కాగితం అంటించాను. మొదటి వారం 14 చీటీలు వచ్చాయి. రెండింటిలో నా వయసెంతని అడిగారు. ఒకదానిలో సినిమా హీరో పేరు ఉంది, ప్రశ్న లేదు. మిగిలినవన్నీ పాఠం మీద సందేహాలు, శుభ్రమైన మరాఠీలో, పరీక్షకు జవాబు రాసినట్టు. పెట్టె తీసేద్దామనుకున్నాను.

మూడో వారంలో ఒక చీటీ పడింది. నాగరి లిపిలోనే ఉంది, ఎన్నిసార్లు చదివినా మరాఠీ కావడం లేదు. స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు పెదవులు కదుపుతూ ఒక్కో అక్షరమే పలికాను. అప్పుడు కంటికి అందనిది చెవికి అందింది: ‘నాకు తెల్లబట్ట అవుతుంది. అమ్మకు చెబితే తిడుతుంది. ఇది రోగమా?’

మాటలు తెలుగువి, అక్షరాలు మరాఠీవి. ఆ తరవాత అలాంటివి వస్తూనే ఉన్నాయి. ఇప్పటికి నా దగ్గర పాత బిస్కెట్ల డబ్బా నిండా ఉన్నాయి. వాటిని వేరుచేసి చూస్తే ఒక సంగతి తేలింది. పాఠం గురించిన ప్రశ్నలు మరాఠీలో వస్తాయి. ఒంటి గురించిన ప్రశ్నలు తెలుగులో వస్తాయి. ఇరవై రెండేళ్లుగా సైన్సు చెబుతున్నాను, ఈ చిన్న సంగతి నాకు చెప్పుల పెట్టె చెప్పాలా అని సిగ్గుపడ్డాను.

మా ఊరు తెలియనివారి కోసం నాలుగు మాటలు. గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస మా సిరొంచ. ప్రాణహిత గోదావరిలో కలిసేచోట, కాళేశ్వరానికి ఎదురొడ్డున ఉంటుంది. జిల్లా కేంద్రానికి దాదాపు 200 కిలోమీటర్లు, తెలంగాణకు ఒక వంతెన. రోగమొస్తే నది దాటి దక్షిణానికి, కాగితం కావలసివస్తే అడవి దాటి ఉత్తరానికి పోయే ఊరు. ఇళ్లలో తెలుగు, బడిలో మరాఠీ, అడవి పల్లెల నుంచి వచ్చి వసతిగృహంలో ఉండే పిల్లల నోట మాడియా గోండు భాష. మా పిల్లలు తెలుగులో పోట్లాడతారు, తెలుగులో కలలు కంటారు, తెలుగు పాటలకు గంతులేస్తారు. తెలుగు అక్షరం మాత్రం కాళేశ్వరం బస్సు బోర్డు మీద చూడడమే. నేనూ ఇక్కడి పిల్లనే. నాకు తెలుగు రాయడం వచ్చింది పెళ్లయ్యాక. వరంగల్ ఆడపడుచు అయిన మా అత్తగారు వంటింటి గడప మీద సుద్దముక్కతో దిద్దించింది.

బడిలో ఆరోగ్యం గురించి, ఒంటి గురించి, మనుషులతో మెలగడం గురించి చెప్పే పాఠం ఎందుకు పిల్లలకు ఎక్కదని అడిగితే అందరూ ఒకే జవాబు చెబుతారు: సిగ్గు. పల్లెటూరు, కట్టుబాట్లు, తల్లిదండ్రుల భయం. నాకీ జవాబు మీద నమ్మకం పోయింది. సిగ్గు ఉన్నమాట నిజమే, కానీ అది తొలగే అడ్డే. అంతకన్నా గట్టి అడ్డు మాట లేకపోవడం. పిల్లకు నొప్పి పుట్టే భాష ఒకటి, ఆ నొప్పికి మేము పేరు చెప్పే భాష మరొకటి.

పుస్తకాన్ని తప్పుపట్టను. మహారాష్ట్ర పదో తరగతి సైన్సు రెండో భాగం తీసి చూడండి. మూడో పాఠంలో మనిషి పునరుత్పత్తి, రుతుచక్రం ఉన్నాయి. తొమ్మిదో పాఠం పేరే ‘సామాజిక ఆరోగ్యం’. ఒత్తిడి, వ్యసనాలు, ఫోను పట్టుకుని కూర్చోవడం, సైబర్ మోసాలు అన్నీ ఉన్నాయి అందులో. తొమ్మిదో తరగతి అనువంశికత పాఠంలో, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తవ్యాధి సికిల్ సెల్ బొమ్మతో సహా ఉంది. ఒక అమ్మాయి యూనిట్ టెస్టులో ‘మాసిక్ పాళీ’ని, అంటే ముట్టునే మరాఠీ పుస్తకపు మాటలో, 28 రోజుల లెక్కతో, అండం విడుదలతో, గర్భాశయపు లోపలి పొరతో సహా వివరించింది. మూడుకు మూడు వేశాను. అదే వారం అదే అమ్మాయి యూనిఫామ్‌కు మరక అయి, నీళ్లు తాగడానికి కూడా లేవకుండా చివరి గంట దాకా బెంచీకి అతుక్కుపోయి కూర్చుంది. ‘ఏమైందమ్మా?’ అని మరాఠీలో అడిగితే తల అడ్డంగా ఊపింది. దగ్గరికి పోయి తెలుగులో మెల్లగా అడిగితే, ‘మేడం, బయట చేరాను’ అంది. తాను జవాబుపత్రంలో రాసినదీ, తనకు అయినదీ ఒకటేనని ఆ పిల్లకు తెలుసో లేదో ఇప్పటికీ నాకు అనుమానమే.

ఈ పాఠం మన దేశంలో ఎన్నిసార్లు తలుపు తట్టి వెనక్కి పోయిందో కొంత చూశాను. 2005లో కేంద్రం కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పటికి నాది కొత్త ఉద్యోగం. 2007లో శాసనసభలో గొడవ అయి మహారాష్ట్ర దాన్ని ఆపేసింది. మరికొన్ని రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. మా శిక్షణ పుస్తకం ఇనుప బీరువాలోకి పోయింది, కొన్నేళ్ల తరవాత చెదలతోపాటు బయటికి వచ్చింది. 2009లో రాజ్యసభ పిటిషన్ల సంఘం బడుల్లో లైంగిక విద్య వద్దని నివేదిక ఇచ్చింది. ఆ సంఘానికి అధ్యక్షుడు ఎం. వెంకయ్యనాయుడు. కౌమారంలో శరీరం, మనసు ఎదిగే తీరు గురించిన పాఠాలు ఏమైనా ఉంటే జీవశాస్త్రంలో, అదీ పన్నెండో తరగతి స్థాయికి ముందు కాకుండా ఉండాలన్నారు. మా వైపు పన్నెండో తరగతి దాకా వచ్చే ఆడపిల్లలు ఎందరో, ఆలోపే పెళ్లై పోయేవాళ్లు ఎందరో ఆ గదిలో ఎవరైనా అడిగి ఉంటారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల మధ్య స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు దేశంలో 23.3 శాతం, మహారాష్ట్రలో 21.9 శాతం. దాదాపు అయిదుగురిలో ఒకరికి మేము చెప్పబోయే పాఠం పెళ్లి తరవాత అందుతుందన్నమాట.

2013లో, ఢిల్లీ నిర్భయ ఘటన తరవాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ లైంగిక విద్య కావాలని చెప్పింది. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద బడుల ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. 11 అంశాలు, ప్రతి బడికి ఇద్దరు ఉపాధ్యాయులు, వీలైతే ఒక ఆడ ఒక మగ. ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేను. ఇంగ్లండులోనూ అదే ఏడాది సెప్టెంబరు నుంచి మాధ్యమిక బడుల్లో సంబంధాల గురించిన, లైంగిక ఆరోగ్యం గురించిన బోధన తప్పనిసరి అయింది. అక్కడి తల్లిదండ్రులకు ఇష్టం లేకపోతే లైంగిక విద్య భాగం నుంచి పిల్లలను తప్పించమని అడగవచ్చు. పదహారు నిండడానికి మూడు టర్ముల ముందు నుంచి మాత్రం ఆ పాఠం కావాలని పిల్లలే అంటే బడి చెప్పాలి. ఎవరి హక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కాగితం మీద ఉండడం నాకు నచ్చింది. మా దగ్గర ఆ గీత ఉండదు. ఎవరో ఒకరు గొంతు పెంచితే పాఠం ఆగిపోతుంది, ఎవరూ పెంచకపోతే ఎవరూ చెప్పరు.

ఇక మాటల సంగతి.

మా ఇళ్లలో నెలసరి అనే మాట లేదు. అది పత్రికల మాట. ముట్టు, మైల, బయట చేరడం, దూరం ఉండడం, ఇవీ మా మాటలు. అన్నీ ఆ మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో చెప్పేవే. ఒంట్లో ఏం జరుగుతున్నదో చెప్పే మాట ఒక్కటీ లేదు. మాడియా పల్లెల్లో అయితే ఆ రోజుల కోసం ఊరి అంచున విడిగా ‘కుర్మా’ ఇల్లే ఉంటుంది. మేము దాని గురించి జాలిగా మాట్లాడుకుంటాం, మా ఇంటి వసారా మూలనున్న చాపను మరిచిపోయి.

ఇంకో వింత చూడండి. మా వీధిలో పిల్ల పెద్దమనిషి అయితే ఫ్లెక్సీ కడతారు. నిలువెత్తు బొమ్మ, పట్టుచీర, పూలజడ, కింద మేనమామల పేర్లు వరసగా. నది అవతల అచ్చు వేయించి తెచ్చిన ఆ ఫ్లెక్సీ మీద ‘పుష్పవతి మహోత్సవం’ అని తెలుగులో బారెడు అక్షరాలు. ఆ పిల్లకు మొదటిసారి ముట్టయిందని సంత నుంచి వచ్చే ప్రతి మగవాడికీ తెలియాలి, దానికి అభ్యంతరం లేదు. అదే పిల్లకు తరగతిలో ఆ ముట్టు ఎందుకు అవుతుందో చెబితే మర్యాద పోతుంది! ఒక తండ్రి ఈ విషయమై మా హెడ్మాస్టరు దగ్గరికి వచ్చాడు. ఆయన కట్టించిన ఫ్లెక్సీ అప్పటికి బడి గోడకే ఇంకా వేలాడుతోంది. హెడ్మాస్టరు గారు కిటికీలోంచి దానివైపు చూశారు, నావైపు చూశారు, టీ తెప్పించారు.

కానీ పాతదంతా చెత్త అనను. పెద్దమనిషి అయిన పిల్లకు మా వాళ్లు నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి పెడతారు. ఎండు కొబ్బరి పెడతారు. నెత్తురు పోయే ఒంటికి బలం కావాలని ఆ ముసలమ్మలకు ఏ సర్వే చెప్పింది? దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతానికి రక్తహీనత ఉందని ఇందాకటి సర్వేనే లెక్క తేల్చింది. చిమ్మిలి అయిదు రోజులతో అయిపోతుంది. అందుకు బడిలో సోమవారం సోమవారం ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన నీలి మాత్ర ఇస్తారు. ఎన్నో ఏళ్లు ఆ మాత్రలు మరుగుదొడ్డి వెనక గడ్డిలో నీలి పూలలా పడి ఉండేవి. మరాఠీలో పోస్టరు ఉంది, ప్రమాణం చేయించాం, వరసలో నిలబెట్టి మింగించాం. నాలుక కింద దాచుకుని పోయి ఉమ్మేవారు. చీటీల పెట్టె వచ్చాక తెలిసింది అసలు కారణం. మాత్ర వేసుకున్న మర్నాడు దొడ్డికి నల్లగా వస్తుంది. లోపల ఏదో కుళ్లుతోందని పిల్లల భయం. ఆ మాట మరాఠీలో మేడంతో ఎలా అంటారు? తెలుగులోనే అనలేరు! ఒక సోమవారం నేనే తెలుగులో, పచ్చిగా, నలుగురి ముందూ చెప్పాను: ‘నల్లగానే వస్తుంది, అది ఇనుము రంగు, కుళ్లు కాదు. అన్నం తిన్నాకే వేసుకోండి, లేకపోతే కడుపులో తిప్పుతుంది. వెంటనే టీ తాగకండి, మందు ఒంటికి పట్టదు.’ అయిదు నిమిషాలు నవ్వులే నవ్వులు. ఆ నవ్వులయ్యాక గడ్డిలో నీలి పూలు తగ్గాయి.

ఆ మొదటి చీటీ సంగతి చెప్పలేదు కదా. తెల్లబట్ట గురించి అడిగిన పిల్ల ఎవరో తెలియదు కాబట్టి జవాబు తరగతి మొత్తానికి చెప్పాను. కొద్దిగా తెల్లగా, నీళ్లగా కావడం ఆ వయసులో మామూలే. దుర్వాసన, దురద, మంట, పెరుగు విరిగినట్టు ఉండడం, రంగు మారడం, వీటిలో ఏది ఉన్నా డాక్టరు దగ్గరికి పోవాలి. తరవాత మా ఇంట్లో పుస్తకాల మధ్య వెతికి ఒక పాత సంగతి మళ్లీ చదువుకున్నాను. మా గడ్చిరోలి జిల్లాలోనే డాక్టర్ రాణీ బంగ్, ఆమె భర్త డాక్టర్ అభయ్ బంగ్ రెండు పల్లెల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వ్యాసం ప్రచురించారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. అంతకుముందు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నవారు నూటికి 8 మంది. ప్రపంచమంతా గర్భిణుల గురించే మాట్లాడుతున్న రోజుల్లో, గర్భం లేనప్పుడు కూడా స్త్రీకి ఒళ్లు ఉంటుందని చెప్పిన లెక్క అది. ఆ 92 మంది ఎందుకు నోరు విప్పలేదో తెలుసుకోవడానికి నాకు నా పెట్టెలోని చీటీ చాలు. రాణీ బంగ్ తరవాత ‘తారుణ్యభాన్’ పేరుతో యువతీయువకులకు శిబిరాలు నడిపారు, మరాఠీలో. అవి చూసే నేను ధైర్యం తెచ్చుకున్నాను. అంతటి పని మా జిల్లాలోనే జరిగినా, దాని మాటలు తెలుగులోకి దిగి మా దక్షిణపు కొసకు రాలేదే అన్నది నా బాధ.

మగపిల్లల గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. చాలా బడుల్లో ఈ పాఠం రోజున మగపిల్లలకు క్రికెట్ బ్యాటు ఇచ్చి మైదానంలోకి తోలతారు. వాళ్లకు మాత్రం ఒళ్లు లేదా? వాళ్ల పాఠం రోడ్డు పక్క గోడల మీద ఉంటుంది: గుప్తరోగాలు, నరాల బలహీనత, కింద ఫోను నంబరు. నా పెట్టెలో మగపిల్లల చీటీల్లో సగం ఆ గోడల భాషలోనే ఉన్నాయి. ‘రాత్రి నిద్రలో ధాతువు పోతోంది, నేను చచ్చిపోతానా?’ అని ఒకడు. ‘నూరు చుక్కల నెత్తురుకు ఒక చుక్క అంటారు, లెక్క నిజమేనా?’ అని ఇంకొకడు, వీడు లెక్కల్లో చురుకైనవాడై ఉండాలి. నేను ఆడదాన్ని, ఈ జవాబు చెప్పడానికి మా వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి బతిమాలాను. ఆయన మరాఠీ మనిషి, ముందు ససేమిరా అన్నారు. చివరికి ఒప్పుకుని, మీసం దువ్వుకుంటూ, గోడవైపు చూస్తూ చెప్పారు: అది రోగం కాదు, ఎదుగుదల, నెత్తురుకూ దానికీ లెక్క లేదు, ఆ గోడ మీది డాక్టరు దగ్గర డబ్బు తప్ప ఏమీ తగ్గదు. చివరి మాట ఆయన సొంతం. అది తెలుగు పిల్లలకు కూడా అర్థమైంది.

ఈ విషయంలో నా వాదనకు ఎదురు తగిలే సంగతి ఒకటుంది, దాచను. కొందరు పిల్లలకు పరాయి భాషే సుఖం. ‘పీరియడ్’ అంటే నోరు తిరుగుతుంది, ‘ముట్టు’ అంటే నోరు మూతపడుతుంది. తెలుగులో ఆ అవయవాల పేర్లన్నీ తిట్లయిపోయాయి. సంతలో తాగినవాడి నోట వినే మాటను మేడం పాఠంలో ఎలా అంటుంది? మా మరాఠీ పంతులు గారు ఇదే అన్నారు: ‘మరాఠీ మాటకు చొక్కా ఉంది, మీ తెలుగు మాట బరిబాతల ఉంది.’ నిజమే. అందుకని నేను రెండూ చెబుతాను. పుస్తకంలో ఉన్న మాట బోర్డు మీద, ఇంట్లో ఉన్న మాట నోటితో. ఇంటి మాట తిట్టయితే ‘ఇది తిట్టు అయింది, మొదట పేరే’ అని చెబుతాను. చొక్కా తొడుక్కోవడం మంచిదే. కానీ నొప్పి ఎక్కడో చూపించవలసి వచ్చినప్పుడు చొక్కా విప్పవలసిందే కదా.

తాకడం గురించి చెప్పేటప్పుడు ఈ చిక్కు మరీ ముదురుతుంది. అందరూ ‘గుడ్ టచ్, బ్యాడ్ టచ్’ అని ఇంగ్లీషులో పాడిస్తారు. పిల్లలు పద్యంలా అప్పజెబుతారు. దాన్నే తెలుగులో ‘ఎవరైనా చెడుగా ముట్టుకుంటే...’ అని మొదలుపెట్టాను ఒకసారి. వెనక బెంచీలో కిసుక్కుమన్నారు. ముట్టు అంటే తాకడమూ అదే, నెలనెలా అయ్యేదీ అదే. మా భాషలో ఆడపిల్ల ముట్టుకోకూడదన్న పాఠం చిన్నప్పుడే అయిపోయింది, కానీ అందులో ఊరగాయ జాడీని, దేవుడి గూటిని ముట్టుకోకూడనిది ఆ పిల్లే! తనను ఎవరూ ముట్టుకోకూడదన్న రెండో పాఠం ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి ‘చెయ్యి వేయడం’ అంటున్నాను. ‘నీకు ఇష్టం లేకుండా నీ మీద ఎవరైనా చెయ్యి వేస్తే’ అనగానే గదిలో నవ్వు ఆగిపోయింది. ఆ మాట వాళ్లకు తెలిసిన మాట.

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం వచ్చింది 2012లో. పద్దెనిమిది నిండనివారంతా దాని కింద పిల్లలే. నేరం జరిగిందని తెలిసి పోలీసుకు చెప్పకపోతే చెప్పనివారికే ఆరు నెలల దాకా జైలు, సంస్థ అధిపతికైతే ఏడాది దాకా. అందుకే పెట్టె పెట్టిన రోజునే పిల్లలకు చెప్పాను: మీ ఒంటి గురించిన ప్రశ్న నా కడుపులో ఉంటుంది, కానీ ఎవరైనా మిమ్మల్ని బాధపెడుతుంటే అది నేను దాచలేను, దాచను. పిల్లల సహాయానికి ఉన్న 1098 ఫోను నంబరు పెట్టె మీదే రాసి ఉంచాను. ఆ చట్టంలో 26వ సెక్షను నాకు చాలా ఇష్టం. పిల్ల వాంగ్మూలం తీసుకునేటప్పుడు అవసరమైతే అనువాదకుల సాయం తీసుకోవచ్చని అందులో ఉంది. ఇంత జరిగాక, పోలీసు ముందు కూర్చున్నాక, పిల్ల తన భాషలో మాట్లాడవచ్చని చట్టానికి తట్టింది. అంతకు ముందు పదేళ్లు బడిలో కూర్చున్నప్పుడు ఎవరికీ తట్టలేదు.

వ్యసనాల పాఠం గురించి ఎక్కువ చెప్పను. 1993 నుంచి మా జిల్లాలో మద్యనిషేధం. ఆడవాళ్లు పోరాడి తెచ్చుకున్నది. వంతెన దాటితే దుకాణం. మా పిల్లలకు సరిహద్దు అంటే ఏమిటో భూగోళం పంతులు కన్నా ముందు అది చెబుతుంది. గుట్కాను రాష్ట్రం 2012లో నిషేధించింది, ఖర్రాకు మాత్రం నిషేధం గుర్తుకు రాదు. వక్క, పొగాకు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి కళ్ల ముందే నలిపి ఇస్తారు. క్యాన్సర్ బొమ్మలు చూపిస్తే ‘మా తాత తింటాడు, బాగానే ఉన్నాడు’ అంటారు. బొమ్మలు మానేశాను. ‘నోరు తెరిచి మూడు వేళ్లు నిలువుగా పెట్టండి’ అంటాను. తరగతిలో ఇద్దరికి మూడో వేలు పట్టలేదు. వక్క నములుతూ ఉంటే బుగ్గ లోపలి పొర బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. ఆ ఇద్దరూ ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు.

సికిల్ సెల్ పాఠం మాత్రం తరగతిలో పెళ్లిచూపులంత సందడి. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకున్నా దాని గుణం మోసేవాళ్లైతే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు వ్యాధికి, నాలుగింట రెండు వంతులు వాహకత్వానికి అవకాశం. చుక్కలు పెట్టి బోర్డు మీద వేస్తే అందరికీ అర్థమవుతుంది, అందరూ మార్కులు తెచ్చుకుంటారు. ‘ఇప్పుడు ఈ చుక్క నువ్వు, ఆ చుక్క మీ మేనబావ’ అనగానే గది గొల్లుమంటుంది. మా వైపు మేనరికాలు ఎక్కువ. ఇంటి రక్తంలో ఆ గుణం ఉంటే బావా మరదళ్లిద్దరికీ వచ్చి ఉండే వీలు ఎక్కువ. 2023 జూలై 1న మొదలైన జాతీయ కార్యక్రమం కింద 40 ఏళ్ల లోపువారికి పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు, 2047 నాటికి వ్యాధి లేకుండా చేయాలని లక్ష్యం. ఒక అబ్బాయి తరగతి అయ్యాక వచ్చి, ‘మేడం, జాతకంతోపాటు కార్డు కూడా చూడమని మా నానమ్మకు మీరు చెబుతారా? నేను చెబితే వినదు’ అన్నాడు. పోయి చెప్పాను. నానమ్మ నన్ను కూర్చోబెట్టి, కార్డు ఏ రంగులో ఉంటే మంచిదని అడిగింది. తల్లిదండ్రులు అడ్డుపడతారనేవాళ్లకు ఈ నానమ్మను చూపించాలనిపిస్తుంది. ఆమె అడ్డుపడలేదు. ఆమెకు ఎవరూ ఆమెకు తెలిసిన మాటల్లో చెప్పలేదు, అంతే.

ఇంతవరకు నా గొప్పలు. ఇప్పుడు నా తప్పు.

తెలుగులో చెప్పడం మొదలుపెట్టాక తరగతి మారిపోయిందని మురిసిపోతున్న రోజుల్లో గమనించలేదు, కిటికీవైపు మూడో వరసలో కూర్చునే వసతిగృహం పిల్లలు మరింత నెమ్మదించారని. ఆరుగురు మాడియా ఆడపిల్లలు. నేను మరాఠీలో చెప్పినప్పుడు అందరితోపాటు అరకొరగా అందుకునేవారు. ఇప్పుడు గది అంతా నవ్వుతుంటే ఎందుకు నవ్వుతున్నారో తెలియక బల్ల మీది గీతలు చూస్తూ కూర్చుంటున్నారు. జనవరిలో ఒక చీటీ పడింది. నాగరి లిపి. మరాఠీ కాదు. పెదవులు కదుపుతూ పలికాను. తెలుగూ కాలేదు. అక్షరాలన్నీ చదవగలను, ఒక్క మాట తెలియదు. మాడియా అయి ఉండాలి, బడిలో అది తెలిసిన పెద్దవాళ్లు లేరు. పిల్లలను అడిగితే రాసినది ఎవరో బయటపడుతుంది.

చీటీని నా చేతిరాతతో ఇంకో కాగితం మీద ఎక్కించి సాయంత్రం వసతిగృహం వంటింటికి పోయాను. అక్కడ వంట చేసే ఆమె మాడియా పల్లెలున్న భామ్రాగడ్ వైపు మనిషి. చదువు రాదు. పొయ్యి పక్కన పీట వేసుకుని నేను అక్షరాలు పలికాను, ఆమె చెవి ఒగ్గి విన్నది. నా ఉచ్చారణకు రెండుసార్లు నవ్వింది. మూడోసారి అర్థం చేసుకుని, గరిటె పక్కన పెట్టి, తనకు వచ్చిన కొద్దిపాటి తెలుగులో చెప్పింది: ‘సోమవారం మందు తింటే దొడ్డికి నల్లగా పోతోందట. లోపల ఏమైనా చెడిందా అని అడుగుతోంది.’

ఆ జవాబు నేను తెలుగులో రెండుసార్లు, మరాఠీలో ఒకసారి చెప్పి ఉన్నాను. ఆమెకు మళ్లీ మొదటి నుంచి చెప్పాను, అన్నం తిన్నాక, టీ వద్దు, ఇనుము రంగు. ఆమె మధ్యలో ఆపి, తన కూతురికి కూడా అలాగే అయిందనీ, తనే ఆ మాత్రలు పారేయమన్నదనీ చెప్పింది. తరవాతి సోమవారం మాత్రలు ఇచ్చేవేళకు బడికి రమ్మని పిలిచాను. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, మూడో వరస దగ్గర నిలబడి, చాలాసేపు ఏదో చెప్పింది. ఆరుగురూ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఎందుకు నవ్వారో నాకు తెలియలేదు.